అమ్మానాన్న ఇచ్చిన నమ్మకం మనదెప్పుడవుతుంది?



ఈసారి మన గుళ్ళూ, మన గ్రంథాలూ కాసేపు పక్కన పెట్టి అమెరికా వెళ్దాం. ప్రశ్న మాత్రం మనందరిదీ. ఇంట్లో పెద్దవాళ్ళు మనకిచ్చిన నమ్మకం నిజంగా మనది ఎప్పుడవుతుంది?

ఒక అమ్మాయిని ఊహించుకోండి. వయసు పద్దెనిమిది. టెక్సస్‌లోనో జార్జియాలోనో ఇల్లు. స్కూలు గడప ఎప్పుడూ తొక్కలేదు. ఒకటో క్లాసు నుంచి పన్నెండో క్లాసు దాకా ఇంట్లోనే, డైనింగ్ టేబుల్ దగ్గర, అమ్మ చెప్పిన చదువే. స్నేహితులంతా అదే చర్చి పిల్లలు, లేదంటే ఇదే పద్ధతిలో చదువుకునే వేరే ఇళ్ళ పిల్లలు. ఇప్పుడు ఆ చదువు అయిపోయింది. కాలేజీకి వెళ్ళే ముందు ఒక ఏడాది ఆగి, ఒక క్రైస్తవ లీడర్‌షిప్ ప్రోగ్రామ్‌లో చేరుతోంది. ఆమె నమ్మకాన్ని ఇంకా గట్టిపరుస్తామనీ, దాన్ని నలుగురి ముందు సమర్థించుకోవడం నేర్పుతామనీ, నాయకురాలిగా తయారుచేసి పంపిస్తామనీ అక్కడివాళ్ళు మాట ఇస్తారు.

ఇందులో తప్పేమైనా ఉందా? ఉంటే సరిగ్గా ఎక్కడుంది?

ముందు కొంచెం చరిత్ర చూద్దాం. అమెరికా ప్రభుత్వ స్కూళ్ళలో ప్రభుత్వమే రాసిచ్చిన ప్రార్థన చదివించకూడదని అక్కడి సుప్రీంకోర్టు 1962లో చెప్పింది. స్కూలు తరఫున రోజూ బైబిల్ చదివించడం కూడా కుదరదని 1963లో చెప్పింది. చాలామంది క్రైస్తవ తల్లిదండ్రులకి ఇది పెద్ద దెబ్బలా అనిపించింది. ఆశ్చర్యం ఏంటంటే, ఇంటి చదువు ఉద్యమానికి తొలి గొంతుల్లో ఒకరైన జాన్ హోల్ట్ మతం కోసం అది మొదలుపెట్టలేదు. స్కూలు పిల్లల సహజమైన ఆసక్తిని చంపేస్తోందన్నది ఆయన బాధ. 1977లో దీనికోసమే ఒక పత్రిక పెట్టాడు. తర్వాత ఉద్యమం ఎక్కువగా క్రైస్తవ కుటుంబాల చేతికి వచ్చింది. 1983లో వాళ్ళకి న్యాయసహాయం చేయడానికి ఒక సంఘం ఏర్పడింది. 1990ల మొదటి సగానికి 50 రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధం అయిపోయింది. అక్కడి ప్రభుత్వ లెక్కల ప్రకారం 1999లో ఇలా చదివే పిల్లలు దాదాపు 8.5 లక్షలు. 2016 నాటికి దాదాపు 17 లక్షలు. అంటే రెట్టింపు. వీళ్ళందరూ మతం కోసమే ఇంట్లో ఉన్నారని కాదు, కానీ అందులో పెద్ద భాగానికి మత బోధన ఒక ముఖ్య కారణం.

ఆ పిల్లలు పెద్దయ్యాక ఏం చేయాలి? అక్కడే ఈ గ్యాప్ ఇయర్ ప్రోగ్రామ్‌లు వచ్చాయి. ఇవి ఇంట్లో చదివినవాళ్ళకి మాత్రమే అని కాదు, స్కూలుకెళ్ళిన క్రైస్తవ పిల్లలూ చేరతారు. జార్జియాలోని పైన్ మౌంటెన్‌లో ఇంపాక్ట్ 360 అనే సంస్థ తొమ్మిది నెలల ప్రోగ్రామ్ నడుపుతుంది. కొలరాడోలో సమ్మిట్ మినిస్ట్రీస్ 1962 నుంచి ఉంది, వాళ్ళవి రెండు వారాల క్లాసులు. 1960లో మొదలైన యూత్ విత్ ఎ మిషన్ సంస్థలో మూడు నెలలు క్లాసులు, ఆ తర్వాత వేరే ఊరికో దేశానికో వెళ్ళి సేవ, ప్రచారం.

ఈ తరహా ప్రోగ్రామ్‌ల తీరు కొంచెం అటూఇటూగా ఒకటే. అందరూ కలిసి ఉండాలి. పొద్దున్నే ప్రార్థన, బైబిల్. తర్వాత వరల్డ్‌వ్యూ క్లాసు, అంటే ప్రపంచాన్ని ఏ చూపుతో చూడాలి అన్న పాఠం. అపాలజెటిక్స్ అని ఇంకో సబ్జెక్టు, అంటే నమ్మకానికి ఎదురొచ్చే ప్రశ్నలకి జవాబు చెప్పే విద్య. ఒక మెంటర్ ఉంటారు. సేవా కార్యక్రమాలు ఉంటాయి.

మిషన్ అనే మాట వినగానే మనలో చాలామందికి మత మార్పిడి గుర్తొస్తుంది. అది పెద్ద విషయం, దానికి వేరే చర్చ కావాలి. ఇవాళ నా ప్రశ్న ఆ పిల్లలు వేరేవాళ్ళకి ఏం చెప్తారన్నది కాదు. వాళ్ళకి ఏం జరుగుతోంది అన్నది.

చాలామందికి వెంటనే వచ్చే మాట, "ఇది బ్రెయిన్‌వాష్ కదా!" ఆ మాట అనే ముందు ఒక్క నిమిషం ఆగాలి. ఏ రంగూ వేయకుండా పిల్లల్ని పెంచడం అనేది ఎక్కడా లేదు. మన ఇళ్ళలో పదో క్లాసు అవగానే ఎంపీసీనా బైపీసీనా అని అడుగుతారు, ఒక్కోసారి అది కూడా అడగరు. రెండేళ్ళు హాస్టల్లో పెడతారు. పొద్దున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, ఆదివారం టెస్టు. ర్యాంకు వస్తే జీవితం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అది కూడా ఒక నమ్మకమే, దానికీ ఒక సిలబస్ ఉంది. మనకి గ్యాప్ ఇయర్ అంటే తెలిసింది లాంగ్ టర్మ్ కోచింగ్ ఒక్కటే. మిగతాదంతా "ఇయర్ వేస్ట్". పద్దెనిమిదేళ్ళ మనిషిని ఆపి "నీ జీవితం దేనికోసం?" అని తొమ్మిది నెలలు అడిగే ఏర్పాటు మన దగ్గర ఎంతమందికి దొరికింది? ఆ ఒక్క విషయంలో ఆ అమ్మాయి మనకన్నా అదృష్టవంతురాలే అంటాను.

కాబట్టి నమ్మకం నేర్పడమే తప్పు అని నేను అనలేను. అలాగైతే మాతృభాష నేర్పడం కూడా తప్పే. తెలుగుని మనం ఎంచుకోలేదు. ఎవరూ మన అభిప్రాయం అడగలేదు. అయినా అది మనది. ఎలా మనదైంది? అమ్మ నేర్పిన మాటలతోనే అమ్మ ఎప్పుడూ అనని మాట ఒకటి మనం అన్నాం. అమ్మతో వాదించాం కూడా, అదే భాషలో. ఇచ్చినదాన్ని మన పనికి వాడుకున్న రోజున అది మనదైంది. నమ్మకం కూడా అంతే అయ్యుండాలని నా ఆలోచన. పెద్దలు ఇచ్చారు కాబట్టి అది దొంగ నమ్మకం అయిపోదు. అయితే ఇచ్చారు కాబట్టి అది ఆటోమేటిక్‌గా మనదీ అయిపోదు. మధ్యలో ఒక పని మిగిలి ఉంటుంది. ఆ పని చేసుకోనిస్తున్నారా లేదా అన్నదే అసలు విషయం.

ఇక్కడ ఆ ప్రోగ్రామ్‌లో నాకు ఇబ్బందిగా అనిపించే మొదటి చోటు వస్తుంది. అది అపాలజెటిక్స్.

నేను రోజూ చేసే పనిలోంచి ఒక ఉదాహరణ చెప్తాను. కోడ్ రాసినవాడే దానికి టెస్టులు కూడా రాస్తే, అన్నీ పాస్ అవుతాయి. మోసం చేసి కాదు. తనకి తట్టిన ఇన్‌పుట్లకే టెస్టు రాస్తాడు, తట్టినవాటికి కోడ్‌లో ముందే జాగ్రత్త పడి ఉంటాడు. తట్టనిది ప్రొడక్షన్‌లో, అర్ధరాత్రి, ఎవరో ముక్కూమొహం తెలియని యూజర్ చేతిలో బయటపడుతుంది. అందుకే టెస్ట్ చేసేవాళ్ళు వేరే మనిషై ఉండాలంటాం.

అపాలజెటిక్స్ క్లాసులో కూడా ప్రశ్న ఉంటుంది. నాస్తికుడు ఇలా అంటాడు, ముస్లిం ఇలా అంటాడు, హిందువు ఇలా అంటాడు అని చెప్తారు. కానీ నాస్తికుడి మాట చెప్పేది నాస్తికుడు కాదు. ఆ ప్రశ్న పుట్టిందే దాని జవాబు పక్కన. విద్యార్థి ప్రశ్నని ఎదుర్కొన్నాను అనుకుంటాడు. నిజానికి ఎదుర్కొన్నది ప్రశ్న వేషం వేసుకున్న సొంత గురువుని. ప్రశ్నకి జవాబు నేర్చుకోవడం, ప్రశ్న వేసుకోవడం, ఈ రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, లోపల చాలా దూరం.

ఈ విషయం గట్టిగా చెప్పిన మనిషి జాన్ స్టూవర్ట్ మిల్. 1859లో వచ్చిన 'ఆన్ లిబర్టీ' పుస్తకంలో ఆయన వాదన ఏంటంటే, అవతలివాళ్ళ వాదాన్ని మన గురువుల నోటి నుంచి వింటే చాలదు, దాన్ని నిజంగా నమ్మి, దానికోసం పోట్లాడేవాళ్ళ నోటి నుంచే వినాలి. ఇంకో సంగతి ఉంది. మిల్ స్వయంగా ఇంటి చదువు పిల్లాడు! తండ్రి జేమ్స్ మిల్ మూడేళ్ళ వయసులో గ్రీకు మొదలుపెట్టించాడు. వేరే పిల్లలతో కలిస్తే వాళ్ళ అలవాట్లు అంటుకుంటాయని దూరంగా పెంచాడు. సమాజాన్ని సంస్కరించే నాయకుడిగా కొడుకుని తయారుచేయాలన్నది తండ్రి ప్లాన్. ఇరవై ఏళ్ళ వయసులో, 1826లో, ఆ కొడుకు తనని తాను ఒక ప్రశ్న అడిగాడు. నేను కోరుకునే సంస్కరణలన్నీ ఈ క్షణమే జరిగిపోతే నాకు ఆనందంగా ఉంటుందా? ఉండదు అని లోపలి నుంచి జవాబు వచ్చింది. మనిషి కూలిపోయాడు. నెలల తరబడి నిస్పృహలో ఉన్నాడు.

గమనించండి, జేమ్స్ మిల్ ఇంట్లో బైబిల్ పాఠం లేదు. ఆయన మతాన్ని నమ్మని మనిషి. అంటే ఇది క్రైస్తవుల సమస్య అనో, మతం ఉన్నవాళ్ళ సమస్య అనో చేతులు దులుపుకోలేం. ఏ నమ్మకాన్నైనా గోడ కట్టి పెంచితే ఇదే జరగొచ్చు.

మనకి ఇంకో ముడి కూడా ఉంది. కొడుకు గ్రీకు నేర్చుకుంటున్న అదే టేబుల్ దగ్గర కూర్చుని ఆ తండ్రి రాసిన పుస్తకం, 1817లో వచ్చిన బ్రిటిష్ ఇండియా చరిత్ర. హిందువుల గురించి చాలా కఠినమైన తీర్పులున్న పుస్తకం. ఆయన ఒక్కసారి కూడా భారతదేశం రాలేదు, మన భాష ఒక్కటీ నేర్చుకోలేదు. అవతలి మనిషిని కలవకుండా అవతలి మనిషి గురించి తెలుసుకుంటే ఎలా ఉంటుందో మనం ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర్లేదు. ఆ దెబ్బ తిన్నది మనమే.

అయితే మన సంప్రదాయం ఈ విషయంలో బాగుందా? పూర్వపక్షం అనే పద్ధతి మనకి ఉంది. ఖండించే ముందు ఎదుటివాడి వాదం పూర్తిగా చెప్పాలి. పద్నాలుగో శతాబ్దపు సర్వదర్శన సంగ్రహం దేవుణ్ణీ వేదాన్నీ ఒప్పుకోని చార్వాకుల మతంతోనే మొదలవుతుంది. గర్వపడాల్సిన విషయమే. కానీ చార్వాకుల గురించి మనకి తెలిసింది దాదాపు అంతా వాళ్ళని ఖండించినవాళ్ళ పుస్తకాల్లోంచే. వాళ్ళు సొంతంగా రాసుకున్న గ్రంథాలు దక్కలేదు. పూర్వపక్షం గొప్పదే. ఆ పక్షం మనిషి ఎదురుగా కూర్చుని "నేను అన్నది అది కాదు" అనగలిగినప్పుడు ఇంకా గొప్పది.

ఇంటి చదువు పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని 2000లో వర్జీనియాలో ప్యాట్రిక్ హెన్రీ కాలేజీ మొదలైంది. దేశాన్ని నడిపే నాయకుల్ని తయారుచేయడం లక్ష్యం. 2006లో అక్కడ ఐదుగురు అధ్యాపకులు వెళ్ళిపోయారు. చిన్న కాలేజీ కాబట్టి అది దాదాపు మూడో వంతు. గొడవ దేనిమీదంటే, క్రైస్తవులు కాని ఆలోచనాపరుల నుంచి ఎంతవరకు నేర్చుకోవచ్చు, క్లాసులో ఎంత స్వేచ్ఛ ఉండాలి అన్నదానిమీద. వెళ్ళిపోయినవాళ్ళు కూడా క్రైస్తవులే. అంటే ఈ ప్రశ్న మనం బయటి నుంచి వాళ్ళమీద రుద్దుతున్నది కాదు, వాళ్ళ ఇంట్లోనే నలుగుతున్నది.

రెండో ఇబ్బంది తలుపు గురించి. లోపలికి వచ్చే తలుపు కాదు, బయటికి వెళ్ళే తలుపు.

1972లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకి ఒక కేసు వచ్చింది. విస్కాన్సిన్‌లోని ఆమిష్ తల్లిదండ్రులు ఎనిమిదో క్లాసు తర్వాత పిల్లల్ని స్కూలుకి పంపమన్నారు. కోర్టు తల్లిదండ్రుల మత స్వేచ్ఛ వైపే తీర్పు ఇచ్చింది. కానీ జస్టిస్ డగ్లస్ ఒక్కరే కొంత విభేదించారు. ఇది పిల్లల భవిష్యత్తు కదా, వాళ్ళేమంటున్నారో వినొద్దా అన్నది ఆయన ప్రశ్న. ఆ కేసులో ముగ్గురు పిల్లలుంటే, కోర్టులో తన మాట చెప్పింది ఒకే ఒక్క అమ్మాయి.

మన ఊహలోని అమ్మాయికి కూడా ఇదే వర్తిస్తుంది. ప్రోగ్రామ్‌లో ఏడో నెలలో ఆమె "నాకు ఇది నిజం అనిపించట్లేదు" అందనుకోండి. ఏమవుతుంది? అమ్మ ఏడుస్తుంది. అది బలవంతం కాదు, అది ప్రేమకి ఉన్న బరువు. మన అమ్మ అయినా ఏడుస్తుంది. కానీ ఇల్లు పోతుందా? కాలేజీ ఫీజు ఆగిపోతుందా? ఉన్న స్నేహితులంతా ఒక్క రోజులో పోతారా? బాధకీ బహిష్కారానికీ తేడా ఉంది. కాదు అంటే మొత్తం పోయేచోట, అవును అన్న మాటకి విలువ ఎంత? ఆ మాట చెప్పినవాళ్ళకే అది నిజమో భయమో తెలియదు. కాదు అనగలిగే చోటే అవునుకి బరువు వస్తుంది.

ఆ తలుపు మూసిన చోట ఏం జరుగుతుందో కూడా వాళ్ళ చరిత్రలోనే ఉంది. బిల్ గోథార్డ్ అనే ఆయన సంస్థ 1980ల నుంచి ఇంటి చదువు కుటుంబాలకి ఒక పూర్తి పద్ధతి ఇచ్చింది. దేవుడు, తండ్రి, ఆ కింద పిల్లలు, ఒక గొడుగు కింద ఇంకో గొడుగులా. గొడుగు దాటి బయటికి వస్తే నీకు రక్షణ లేదు అన్న బోధ. చాలామంది మహిళలు వేధింపుల ఆరోపణలు చేశాక 2014లో ఆయన పదవి వదిలేశారు. దురుద్దేశంతో ఎవరినీ తాకలేదని ఆయన అన్నారు. ఆ ఆరోపణల నిజానిజాలు నేను తేల్చేవి కాదు. కానీ ప్రశ్నించడమే గొడుగు దాటడం అని నేర్పినచోట, తప్పు జరిగినా ఎవరూ నోరు విప్పలేరన్నది తేల్చడానికి కోర్టు అక్కర్లేదు.

తలుపు తెరిచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. జాషువా హారిస్ ఇంటి చదువు కుటుంబంలో పుట్టి, 1997లో, ఇరవైల మొదట్లోనే, ప్రేమా పెళ్ళీ గురించి ఒక పుస్తకం రాశాడు. క్రైస్తవ యువతలో అది పెద్ద హిట్. తర్వాత పెద్ద చర్చికి పాస్టర్ అయ్యాడు. 2018లో ఆ పుస్తకాన్ని తనే ఆపించేశాడు. 2019లో తాను ఇక క్రైస్తవుణ్ణి అనుకోవడం లేదని ప్రకటించాడు. ఆయన సరైన చోటికి చేరాడా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు. నాకు అనిపించేది ఒకటే. ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ళకే ఒక మనిషిని నాయకుణ్ణి చేస్తే, అతను ఆలోచించుకోవాల్సిన వయసులో వేరేవాళ్ళకి జవాబులు చెప్తూ గడుపుతాడు. అతని సందేహానికి తీరిక దొరికేసరికి వెనకాల లక్షలమంది నడుస్తూ ఉంటారు.

అందుకే లీడర్‌షిప్ అనే మాట మీద నాకు అనుమానం. పద్దెనిమిదేళ్ళకి నాయకత్వం నేర్పడం కన్నా, తనలాంటివాళ్ళు కాని మనుషుల మధ్య మామూలు మనిషిగా ఒక ఏడాది ఉండటం నేర్పితే మేలు. ముసలివాళ్ళకి అన్నం వడ్డించడం, వేరే మతం వాళ్ళతో గది పంచుకోవడం, మన మాట నెగ్గని చోట కూర్చోవడం. ఆ ప్రోగ్రామ్‌ల్లో సేవ అనే భాగం ఉంది కదా, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది అదే, అది ప్రచారానికి ముసుగు కానంతవరకు.

ఇంతకీ ఆ అమ్మాయి వెళ్ళాలా వద్దా? వెళ్ళొచ్చు. ఆ అమ్మాయి నా చెల్లెలైతే నేను మూడు విషయాలు చూసుకోమంటాను. అక్కడ నీ నమ్మకం లేని మనిషి ఒక్కరైనా వచ్చి, తన మాట తనే చెప్తారా? మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళ గురించి అక్కడ ఎలా మాట్లాడుకుంటారు? "నాకింకా తెలియదు" అని చెప్పి కూడా ఆ ఏడాది గౌరవంగా పూర్తి చేయొచ్చా? ఈ మూడింటికీ మంచి జవాబు ఉంటే అది చదువే. లేకపోతే ఎంత ప్రేమగా నడిపినా అది కంచె.

ఇప్పుడు ఇదే గీటురాయి మన మీద పెట్టుకుందాం. డాలస్‌లో, న్యూజెర్సీలో మన తెలుగువాళ్ళు ఆదివారం పిల్లల్ని బాలవిహార్‌కి తీసుకెళ్తారు. హైదరాబాద్‌లో మనం శ్లోకాల క్లాసుకి పంపుతాం. మంచిదే. మన వీడియోల కింద కూడా తరచూ ఒక మాట కనిపిస్తుంది. "అన్నా, ఎవరైనా ఇలా అడిగితే ఏం కౌంటర్ ఇవ్వాలి? రెండు నిమిషాల్లో చెప్పండి." అది కూడా అపాలజెటిక్సే. జవాబు అడుగుతున్నారు, ప్రశ్న దగ్గర కూర్చోవడం లేదు. ఇంకో మాట కూడా కనిపిస్తుంది, అరుదుగా, మొహమాటంగా. "నాకు సందేహాలు వస్తున్నాయి, ఇది పాపమా?" నా వరకు ఆ రెండో మాట అడిగినవాళ్ళే దేవుడికి దగ్గరగా ఉన్నారు.

ఎందుకంటే పద్దెనిమిది అధ్యాయాలు చెప్పిన కృష్ణుడు చివర్లో అర్జునుడితో, ఇదంతా బాగా ఆలోచించుకుని నీకెలా తోస్తే అలా చెయ్యి అంటాడు. తైత్తిరీయంలో చదువు ముగించి ఇంటికెళ్ళే శిష్యుడికి గురువు, మాలో మంచి నడత ఏదుందో అది తీసుకో, మిగతాది వద్దు అంటాడు. మాలో మిగతాది కూడా ఉంది అని గురువే ఒప్పుకోవడం చూడండి. పదేళ్ళు తన దగ్గర పెరిగిన పిల్లాడికి, నన్ను కూడా జల్లెడ పట్టు అని చెప్పి పంపుతున్నాడు.

పైన్ మౌంటెన్‌లోనైనా, తిరుపతిలోనైనా, చదువు పూర్తయిన రోజు పిల్లలకి చెప్పాల్సింది ఆ మాటే అనుకుంటాను. అది చెప్పే ధైర్యం ఉన్న పెద్దలకి, పిల్లలు దూరమవుతారన్న భయం తక్కువగానే ఉంటుంది. వెళ్ళినా, వెనక్కి రావడానికి తలుపు తెరిచే ఉంటుంది కాబట్టి.

మీ ఇంట్లో ఆ తలుపు ఎలా ఉంది? ఒకసారి అమ్మానాన్నతో కూర్చుని నెమ్మదిగా మాట్లాడి చూడండి. మళ్ళీ కలుద్దాం. సెలవు.